విజ్ఞాన సర్వస్వమున లీఫ్ ఎరిక్సన్ : ఒక వ్యాసమునకు గుణపరీక్ష

కొన్నియేండ్ల క్రిందట మా శాఖలోని ఒక పరిశోధక విద్యార్థి యాత్రాచరిత్రములను గుఱించి వ్రాసిన పత్రములో ఈ యర్థముగల వాక్యమొకటి మాకు కనబడినది. నార్వే రాజు ఆజ్ఞను శిరసావహించి గ్రీన్లాండున క్రైస్తవమును బోధింప బయలుదేరిన లీఫ్ ఎరిక్సన్, గాలివాటున దారి తప్పి, విన్లాండ్ అను దేశమును కనుగొని, అచ్చట పెద్ద యిండ్లు కట్టి, శీతకాలము గడపి, ద్రాక్షపండ్లతోను కలపతోను ఇల్లు చేరెనని దాని సారాంశము. వాక్యము సుబోధముగ నున్నది. విద్యార్థి దానిని ఒక విజ్ఞాన సర్వస్వమునుండి గ్రహించినాడు, గ్రహించినట్లు చెప్పినాడుకూడ. మేము దానిని సరిగనే యున్నదని దాటిపోయితిమి. పిమ్మట మూలకథలు రెంటి యనువాదములను ప్రక్కప్రక్కన పెట్టుకొని చదివినపుడుగాని విషయము తెలిసిరాలేదు. ఆ వాక్యములో ఏ ముక్కకాముక్కకు ప్రాచీనాధారము కలదు. మొత్తము వాక్యమునకు మాత్రము ఆధారము ఎచ్చటను లేదు.

విజ్ఞాన సర్వస్వములోని వ్యాసము మంచిదా కాదా యని నిర్ణయింపవలసి వచ్చినపుడు మనము సామాన్యముగ చూచునవి దాని నిడివి, ఉదాహరించిన గ్రంథముల సంఖ్య, వ్రాసినవారి ప్రతిష్ఠ, భాషాసౌలభ్యము. పైన చెప్పిన వ్యాసము ఈ నాలుగు పరీక్షలలోను నెగ్గినదే. కాబట్టి ఇంతకంటె నిశితమైన పరీక్ష ఏదియో కావలసియున్నది. ఆ పరీక్ష ఏదో నిర్వచించి చెప్పుటకంటె, లీఫ్ విషయములో దానిని నడపి చూపుటయే మేలని తలంచి ఈ వ్యాసమునకు పూనుకొంటిమి.

ముందుగ ఆధారములు. లీఫ్‌ను గుఱించి మనకు తెలిసినది దాదాపుగ అంతయు రెండు ఐస్లాండు గద్యకథలనుండి వచ్చినది. అట్టి కథను ఆ భాషలో సాగా యందురు. చెప్పబడినది యని దాని ధాత్వర్థము. ఒకటి గ్రీన్లాండువారి సాగా, రెండవది ఎఱ్ఱ ఎరిక్ సాగా. రెండును 13వ శతాబ్దమున గ్రంథస్థములైనవని పండితుల యభిప్రాయము. యాత్రలు జరిగినవి క్రీ.శ. 1000 ప్రాంతమున. అనగా నడుమ రెండువందల యేండ్ల యెడము. ఇప్పుడు మనకు దొరకు వ్రాతప్రతులు ఇంకను తరువాతివి. గ్రీన్లాండువారి సాగా ఫ్లాతేయార్బోక్ అను బృహత్సంపుటములో, ఓలాఫ్ త్రిగ్వసన్ అను రాజు చరిత్ర నడుమ చొప్పింపబడి, నిలిచినది; ఆ సంపుటము 1387, 1394 సంవత్సరముల మధ్య వ్రాయబడినది. ఎరిక్ సాగా 14వ శతాబ్దారంభపు హౌక్స్‌బోక్‌లోను, 15వ శతాబ్దపు స్కాల్‌హోల్ట్ ప్రతిలోను కలదు.

సాగాలకు పూర్వపు సాక్ష్యములు రెండు. బ్రెమెన్ నగరపు ఆడమ్ అను మతాధికారి 1075 ప్రాంతమున లాటిన్‌లో వ్రాసిన చరిత్రలో, డేన్మార్కు రాజు స్వేన్ చెప్పగా వింటినని విన్లాండ్ ప్రసక్తి తెచ్చినాడు. ఐస్లాండు చరిత్రకారుడు అరి థోర్గిల్సన్ 1122, 1133 సంవత్సరముల మధ్య వ్రాసిన చిన్న గ్రంథములో అందఱకు తెలిసిన దేశమువలె విన్లాండును ఒక్కమాటలో పేర్కొన్నాడు. ఈ యిరువురును లీఫ్ పేరెత్తలేదు. దేశమునకు సాక్ష్యము మనిషికి సాక్ష్యముకంటె నూఱేండ్లకు పైగా ముందున్నదన్నమాట. ఈ యొక్క సంగతిని తొలి పేరాలలోనే చెప్పిన వ్యాసమును మేము సగము నమ్ముదుము. చెప్పకయే కథలోనికి దిగిన వ్యాసమును ఎంత చక్కగ నున్నను అనుమానింతుము.

ఇక ఆ రెండు సాగాలు ఏమి చెప్పుచున్నవి? గ్రీన్లాండువారి సాగా ప్రకారము క్రొత్త భూమిని మొదట చూచినవాడు లీఫ్ కాడు. బ్యార్ని హెర్యోల్ఫ్‌సన్ అను వర్తకుడు. అతడు తండ్రిని చేరుటకై గ్రీన్లాండునకు పోవుచు దారి తప్పి, తెలియని తీరములను చూచి, దిగక మరలిపోయినాడు. లీఫ్ ఆ బ్యార్ని ఓడనే కొని, ముప్పదియైదుగురు మనుష్యులతో ఉద్దేశపూర్వకముగ బయలుదేరినాడు. తండ్రియైన ఎరిక్ కూడ రాదలచినాడుగాని గుఱ్ఱముమీదినుండి పడి అపశకునముగ భావించి ఆగిపోయినాడు. లీఫ్ పలకఱాళ్ల దేశమునకు హెల్లులాండ్ అనియు, అడవుల దేశమునకు మార్క్‌లాండ్ అనియు, ద్రాక్ష దొరకిన దేశమునకు విన్లాండ్ అనియు పేరిడి, ఇండ్లు కట్టి, ఒక శీతకాలము గడపినాడు. మరలివచ్చుచు ఓడ పగిలి చిక్కువడిన పదునేనుగురిని కాపాడి, అదృష్టవంతుడను బిరుదు పొందినాడు.

ఎరిక్ సాగాలో బ్యార్ని లేడు. అందు లీఫ్ నార్వేనుండి వచ్చుచు దారి తప్పినవాడు. ఓలాఫ్ త్రిగ్వసన్ గ్రీన్లాండున క్రైస్తవబోధకై అతనిని పంపినాడు. సముద్రమున చాలకాలము తిరిగి, విత్తకయే పండిన గోధుమపొలములును ద్రాక్షతీవెలును గల నేలను చూచి ఇల్లు చేరినాడు. అంతే. ఇండ్లు కట్టుట లేదు, శీతకాలము లేదు. ఆ సాగాలో యాత్రానాయకుడు లీఫ్ కానేకాడు, థోర్‌ఫిన్ కార్ల్‌సెఫ్ని. అతని భార్య గుద్రిద్ ఆ కథకు నిజమైన నాయిక యనదగినది. లీఫ్ పాలికి వచ్చినవి కొలది వాక్యములు మాత్రమే.

ఒకదానిలో ఎఱిగి పోయినవాడు, రెండవదానిలో ఎఱుగక పోయినవాడు. ఈ రెంటిని కలిపి ఒకే జీవితముగ కుట్టవచ్చునా? కుట్టవచ్చును, కుట్టుచునే యున్నారు. అతుకు కనబడకుండ కుట్టుటయే నేర్పని వ్యాసకర్త తలచును. అతుకు కనబడునట్లు ఉంచుటయే ఈ సందర్భమున సత్యమని మేము తలచుచున్నాము. మన కావ్యములను పరిష్కరించువారు రెండు శాఖల పాఠములను కలిపి, ఏ ప్రతిలోను లేని మూడవ పాఠమును మూలములో అచ్చొత్తించినచో మనము ఊరకుందుమా? ప్రతుల విషయములో తప్పైనది కథల విషయములో ఒప్పగుట ఎట్లు?

ఏ సాగా ప్రాచీనతరము అను చర్చయు మన శాఖలవారికి ఆసక్తి కలిగింపదగినది. 1887లో నార్వే పండితుడు గుస్తావ్ స్టోర్మ్ ఎరిక్ సాగాయే నమ్మదగినదని వాదించెను. తరువాత వచ్చిన వ్యాసములు పెక్కు ఆ త్రోవనే పోయినవి. 1956లో ఐస్లాండు పండితుడు యోన్ యోహానెసన్ ఆ తీర్పును తలక్రిందుచేసెను. లీఫ్ గ్రీన్లాండును క్రైస్తవమునకు త్రిప్పెనను వృత్తాంతము, ఓలాఫ్ రాజు కీర్తిని పెంచుటకై గున్లౌగ్ అను మఠవాసి కల్పించినదనియు, అది యెఱుగని గ్రీన్లాండువారి సాగాయే ముందటిదనియు అతని వాదము. నేటివారిలో పలువురు రెండును వేఱువేఱు వాగ్రూప సంప్రదాయములనుండి పుట్టినవనియే యెంచుచున్నారు. ఈ చరిత్ర తెలిసినవానికి ఒక సౌకర్యమున్నది. వ్యాసములో మతబోధ వృత్తాంతము ఎట్లు చెప్పబడినదో చూచి, ఆ వ్యాసము ఏనాటి పాండిత్యముతో ఆగిపోయినదో ఊహింపవచ్చును. నిన్న అచ్చయిన వ్యాసముకూడ 1887లోనే ఆగియుండవచ్చును.

ఇంకొక ముచ్చట. ఎరిక్ సాగా ప్రతులు రెంటిలో హౌక్స్‌బోక్ దాదాపు నూఱేండ్లు పెద్దది. కనుక దానినే ప్రమాణముగ గొనుట సహజము. స్వీడన్ పండితుడు స్వెన్ యాన్సన్ రెండు ప్రతులను వాక్యవాక్యమును పోల్చి, పెద్దదైన హౌక్స్‌బోక్‌లోనే చక్కదిద్దుటలు ఎక్కువయనియు, వ్రాయించిన హౌక్ ఎర్లెండ్సన్ భాషను సవరించుకొన్నాడనియు, చిన్నదైన స్కాల్‌హోల్ట్ ప్రతియే అందవికారముగ నున్నను మూలమునకు దగ్గఱయనియు నిరూపించెను. విద్వాంసుడైన లేఖకునికంటె అమాయకుడైన లేఖకుడు మేలను సంగతి తాళపత్రములతో పనిచేసిన వారెవరికిని క్రొత్త కాదు.

విన్లాండ్ అను పేరు మఱొక పరీక్షాస్థానము. పూర్వ నార్స్ భాషలో దీర్ఘాచ్చుగల 'వీన్' అనగా ద్రాక్షాసవము. హ్రస్వమైన 'విన్' అనగా పచ్చికబయలు. ద్రాక్ష పండని ఉత్తరభూములలో విన్లాండును వెదకినవారికి రెండవ యర్థము మిక్కిలి అనుకూలించినది. 19వ శతాబ్దాంతమున స్వెన్ సోడర్‌బెర్గ్ అను స్వీడన్ పండితుడు దానిని ప్రతిపాదింపగా, తరువాత హెల్గె ఇంగ్స్టాడ్ గట్టిగ సమర్థించెను. కాని మన భాషలో 'పలు', 'పాలు' అను మాటలకున్నంత భేదము ఆ భాషలో వీనికున్నది. అంతేకాక బ్రెమెన్ ఆడమ్, సాగాలకు ఎంతో ముందే, ద్రాక్షతీవెలవలననే ఆ పేరు వచ్చెనని స్పష్టముగ చెప్పినాడు. ఈ చర్చను రెండు వాక్యములలోనైన చెప్పని వ్యాసము అసంపూర్ణము. చెప్పి, పచ్చికబయలే నిశ్చయమనునది పక్షపాతము. తెలుగున ఇంకొక చిక్కు. ఇంగ్లీషు ఉచ్చారణమునుబట్టి మనము హ్రస్వముతో 'విన్లాండ్' అని వ్రాయుచున్నాము. అనగా తెలియకయే ఓడిన పక్షమున చేరుచున్నాము. వీన్లాండ్ అని వ్రాయుట న్యాయము. మేమును వాడుకకు లోబడి హ్రస్వముతోనే వ్రాసితిమని ఒప్పుకొనుచున్నాము.

ద్రాక్షయు విత్తని గోధుమయు నిజముగ కన్నవియా, చదివినవియా అను సందేహమునుకూడ కొందఱు తెచ్చిరి. ప్రాచీన లాటిన్ గ్రంథములలోని భాగ్యద్వీపముల వర్ణననుండి ఈ రెండును దిగినవని ధ్రువయాత్రికుడు ఫ్రిత్యోఫ్ నాన్సెన్ వాదించెను. ఈ వాదము అతిశయోక్తియైనను అకారణమైనది కాదు. ఎరిక్ సాగాలో లీఫ్ తమ్ముడు థోర్వాల్డ్ ఒక ఏకపాదుని బాణముచే మరణించును. ఒంటికాలి మనుష్యులు గ్రీకు రచయిత క్తేసియాస్ నాటినుండి పాశ్చాత్యుల పుస్తకములలో తిరుగుచున్నవారు. అతడు వారికిచ్చిన నివాసము మన భారతదేశమే! ఐస్లాండు కథకుడు వారిని అట్లాంటికునకు ఆవలి గట్టునకు చేర్చినాడు. ఏకపాదుని కల్పన యని త్రోసివైచి, అదే పుటలోని ద్రాక్షను మాఱుమాటలేక చరిత్రగ స్వీకరించు వ్యాసకర్త, ఎందువలన అట్లు చేసెనో చెప్పుటకు బద్ధుడు.

చెప్పుటకు అతనికి మంచి యుత్తరము లేకపోలేదు. అది భూమిలో దొరకినది. 1960లో హెల్గె ఇంగ్స్టాడ్ న్యూఫౌండ్లాండు ఉత్తరాగ్రమున లాన్సో మెడోస్ అను పల్లెచెంత మట్టిగోడల దిబ్బలను గుర్తించెను. అతని భార్య, పురావస్తుశాస్త్రజ్ఞురాలు ఆన్ స్తీన్ ఇంగ్స్టాడ్ 1961 నుండి 1968 వఱకు అచ్చట త్రవ్వకములు నడపినది. ఎనిమిది కట్టడముల జాడలు, ఇనుము కరగించిన గుర్తులు, ఉంగరముగల కంచుసూది, నూలు వడకు కదురుబిళ్ల బయల్పడినవి. 1978లో ఆ స్థలము యునెస్కో ప్రపంచవారసత్వపు పట్టికలో చేరినది. తరువాత జరిగిన త్రవ్వకములలో అక్రోటు జాతికి చెందిన బటర్నట్ కాయలు దొరకినవి. ఆ చెట్టు న్యూఫౌండ్లాండున మొలవదు. దక్షిణమున న్యూబ్రన్స్విక్ ప్రాంతమున మొలచును. అడవిద్రాక్షయు అచ్చటనే కలదు. ఇచ్చటివారు అచ్చటికి పోయివచ్చినారని దీనివలన తెలియుచున్నది. ద్రాక్షను నమ్ముటకు సాగా చాలదు, ఈ కాయలు చాలును.

2021లో వెలువడిన పరిశోధన మఱింత సూక్ష్మము. 993లో సంభవించిన ఒక విశ్వకిరణ విజృంభణ ఆ యేటి వృక్షవలయములలో ప్రత్యేకమైన కర్బనచిహ్నమును మిగిల్చినది. లాన్సో మెడోస్‌లో లోహపు పనిముట్టుతో కోయబడిన మూడు కలప ముక్కలలో ఆ వలయమును గుర్తించి, అందుండి బెరడువఱకు లెక్కింపగా ఇరువదియెనిమిది వలయములు తేలినవి. కనుక ఆ చెట్లు 1021లో నఱకబడినవి. ఇంతటి నిక్కమైన తేది దొరకుట అబ్బురము. కాని దీనితోనే వ్యాసకర్తకు క్రొత్త ప్రలోభము కలిగినది. 1021లో లీఫ్ అమెరికా చేరెనని వ్రాసిన వాక్యములను మేము చూచితిమి. ఆ చెట్లను నఱికినవారు నార్స్‌వారని మాత్రమే సిద్ధించినది. ఆ స్థలమున ఎవరి పేరును దొరకలేదు. సాగాల లెక్కనుబట్టి లీఫ్ యాత్ర అప్పటికి ఇరువదియేండ్లనాటి మాట. దిబ్బ లీఫ్ యింటిదే కావచ్చును, కాకపోవచ్చును. ఈ 'కావచ్చును' అను మాటను తీసివైచిన వ్యాసము, ఎన్ని గ్రంథముల నుదాహరించినను, అధమమని మేము లెక్కింతుము.

దొరకినదంతయు ఇట్లు నిలువలేదు. 1965లో యేల్ విశ్వవిద్యాలయము ప్రకటించిన విన్లాండ్ పటము కొలంబసునకు ముందటిదని లోకమంతట మ్రోగినది. 1974లో దాని సిరాలో 20వ శతాబ్దపు టైటానియం రంగుద్రవ్యము కనబడెను; 2021లో ఆ విశ్వవిద్యాలయమే అది కూటసృష్టి యని ప్రకటించినది. ఆ నడుమ కాలమున అచ్చయిన సంపుటములు మన గ్రంథాలయముల యరలలో నిశ్చలముగ నున్నవి. వానిని తీసివేయనక్కఱలేదుగాని, ముద్రణవత్సరము చూడక వాని నుదాహరించుట తగదు.

వ్యాసము విడిచిపెట్టిన విషయముకూడ పరీక్షింపదగినదే. గ్రీన్లాండువారి సాగాలో థోర్వాల్డ్ మనుష్యులు, తోలుపడవల క్రింద నున్న తొమ్మండుగురు స్థానికులను చూచి, ఒకడు తప్పించుకొనగా ఎనిమిదిమందిని పట్టి చంపినారు. ఆ దేశపు మనుష్యులతో వారి తొలి సమావేశమిది. లీఫ్ అందు లేడు. కనుక లీఫ్ వ్యాసములో దీనికి చోటు లేదనవచ్చును. కాని లీఫ్‌ను గొప్పవానినిగ చేయునది ఆ భూమియే యైనపుడు, ఆ భూమిమీది మనుష్యులకు ఒక వాక్యమైన దక్కవలదా? సాగాలు వారిని స్క్రేలింగులని హేళనగ పిలిచినవి. ఆ మాటను తెలుగున 'అనాగరికులు' అని దించినచో కథకుని తిరస్కారము మన తీర్పుగ మాఱిపోవును. సాగాలు వారిని అట్లు పిలిచినవని చెప్పి, స్థానికులని వ్రాసిన చాలును.

దీనికి విరుద్ధముగ, స్మారకములకు వ్యాసములలో చోటు కావలసినదానికంటె ఎక్కువ. అందు కొన్ని వినోదకరములే. బేకింగ్ పౌడరుతో ధనవంతుడైన రసాయనశాస్త్రజ్ఞుడు ఈబెన్ హార్స్‌ఫర్డ్, లీఫ్ తన యూరి ప్రక్కనే, మసాచుసెట్సులోని చార్లెస్ నదీతీరమున దిగెనని నమ్మి, బోస్టనులో 1887లో విగ్రహమును నిలుపుటకు తోడ్పడెను. అమెరికాలో లీఫ్ దినము అక్టోబరు 9. అది లీఫ్ పుట్టిన దినము కాదు, తీరము చేరిన దినమును కాదు; 1825లో ఆనాడు నార్వే వలసవాసుల ఓడ న్యూయార్కు చేరినది. ఈ సంగతులు 19వ శతాబ్దపు అమెరికాను గుఱించి మనకు చాల తెలుపును. లీఫ్‌ను గుఱించి ఏమియు తెలుపవు. మంచి వ్యాసము ఈ రెండు భాగములను వేఱుచేసి చూపును.

తెలుగున ఇట్టి వ్యాసములను వ్రాయువారికి ఒక మాట. కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావుగారు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వమును అకారాదిగ నారంభించి, మూడు సంపుటములు వెలువరించి, 1923లో దివంగతులైరి. వారు లకారమువఱకు వచ్చియుండినచో లీఫ్ వ్యాసమెట్లుండెడిదో యని మాకు అప్పుడప్పుడు తోచును. అసలు లకారమున నుండునో, ఎకారమున నుండునో! ఎరిక్సన్ ఇంటిపేరు కాదు. ఎరిక్ కుమారుడని యర్థము. తండ్రి ఎరిక్ థోర్వాల్డ్‌సన్. ఐస్లాండువారు నేటికిని తమ పట్టికలలో సొంతపేరునుబట్టియే క్రమమేర్పఱతురు. కావున లకారమే న్యాయము. ఎరిక్సన్ బయలుదేరెను, ఎరిక్సన్ చూచెను అని వ్రాయుట, తండ్రి పేరుపెట్టి కొడుకును పిలిచినట్లుండును.

కడపట కుండలీకరణములు. వ్యాసారంభమున పేరు ప్రక్కన జననమరణ వత్సరములను కుండలీకరణములలో నింపవలెనని సంపాదకుల నియమము. లీఫ్ జననవత్సరము ఏ మూలములోను లేదు. అరి లెక్కప్రకారము గ్రీన్లాండు వలస 985, 986 ప్రాంతమున జరిగినది. ఎరిక్ అంతకుముందు ఐస్లాండున కాపురముండెను గనుక లీఫ్ అచ్చట 970 ప్రాంతమున పుట్టియుండునని అనుమితి. నార్వేవారును ఐస్లాండువారును అతనిని మావాడనుటకు ఈ యనుమితియే రంగస్థలము. మరణమును ఏ సాగాయు చెప్పదు. వేఱొక సాగాలో ఎరిక్ కుటుంబపు నివాసమైన బ్రత్తహ్లీద్‌లో లీఫ్ కుమారుడు థోర్కెల్ పెద్దగ కనబడును. అప్పటికి తండ్రి లేడని మనము గ్రహింపవలసినదే. మా విద్యార్థి పత్రమును మరల తెప్పించుకొని చూడగా, అతడు కుండలీకరణములలో రెండు సంవత్సరములను వ్రాసి, రెంటి ప్రక్కను ప్రశ్నార్థకమును పెట్టియున్నాడు. అవి అతడు తీసికొన్న వ్యాసములో లేవు. ఎందుకు పెట్టితివని అడుగగా, ఎవరు లెక్కించిరో దానిలో కనబడలేదండి, అందుచేత పెట్టితిననెను.